చెడుగుడు బరిలో ఆశ

మన పల్లెల చెడుగుడే కబడ్డీ యను పేర హైదరాబాదు హైటెక్ సిటీ చేరువనున్న గచ్చిబౌలి క్రీడామందిరమునకు చేరినది. ప్రో కబడ్డీ పోటీలలో తెలుగు టైటాన్స్ జట్టు 2021 మొదలు 2024 వఱకు వరుసగ మూడు పర్యాయములు 12 జట్లలో కట్టకడపటిదిగ నిలిచెను. మూడవమారు 22 ఆటలలో రెండే గెలుపులు.

అట్టి జట్టుపై 2024 అక్టోబరు పోటీలకు ముందు అభిమానులు మరల నేల ఆశపడిరి? చెడుగుడు ధర్మమే యందుకు సమాధానము. ఈ యాటలో చచ్చినవాడు చచ్చియే యుండడు; తనవారు ఎదుటివాని నొకని పడగొట్టినచో బ్రతికి బరిలోనికి వచ్చును. పైగా కృష్ణకుమార్ హూడా క్రొత్త శిక్షకుడై వచ్చెను. ఆ నెల 18వ తేదిని గచ్చిబౌలిలోనే తొలియాటయందు బెంగళూరు జట్టును 37-29 పాయింట్లతో గెలిచిరి. ఆ పోటీలలో ఏడవ స్థానము, 2025లో మూడవ స్థానము లభించెను.

ఓడిన మనవారిని విడువక కనిపెట్టుకొని యుండువారే జట్టునకు బలము. మీ యూరి బరిలో నోడిన పిల్లలయెడలను ఇట్లే యుండుడు.