బిల్లు లేని సాఫ్ట్‌వేరుకు దిక్కెవరు?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఆర్. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, "మీరు కాలేజీకి వెళ్ళి ఏం చేస్తున్నారో చెప్పండి" అన్నారు. అదే చెబుతాను.

నేను బి.ఎస్సీ. లెక్కలు చదివి గుమాస్తాగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. సర్వీసు చివరి భాగమంతా కాలేజీ ఆఫీసుల్లో గడిచింది. ఇప్పుడు మూడేళ్ళుగా వారానికి రెండు మధ్యాహ్నాలు మన ఊరి కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కూర్చుంటున్నాను. జీతం లేదు, హోదా లేదు. ప్రిన్సిపాల్‌గారు ఒక కుర్చీ వేయించారు. పిల్లలు తాతగారూ అంటారు.

ఆ ల్యాబులో లెక్కలు, ఫిజిక్సు, స్టాటిస్టిక్సు పిల్లలు కాగితం మీద తేలని లెక్కలు కంప్యూటరు మీద చేస్తారు. మాత్రికలు, అవకలన సమీకరణాలు, గ్రాఫులు వగైరా. ఇలాంటి పనికి పేరుమోసిన సాఫ్ట్‌వేరు మాట్‌ల్యాబ్. దాన్ని క్లీవ్ మోలర్ అనే ప్రొఫెసరు 1970ల చివర్లో తన విద్యార్థులు ఫోర్ట్రాన్‌తో కుస్తీ పట్టకుండా ఉండాలని తయారుచేశాడు. 1984లో అది కంపెనీ సరుకైంది. సరుకన్నాక ధర ఉంటుంది, లైసెన్సూ ఉంటుంది.

లైసెన్సు అంటే ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఏడాది లైసెన్సు మీద ఒక సాఫ్ట్‌వేరు కొన్నారు. పేరు అనవసరం. సి.డి. వచ్చింది, స్టాకు రిజిస్టరుకెక్కింది. ఏడాది తిరిగేసరికి పనిచేయడం మానేసింది. రెన్యువలుకు నేను నోట్ పెట్టాను. "వస్తువు స్టాకులో ఉన్నందున మళ్ళీ కొనుగోలు అవసరం లేదు" అని పైనుంచి తిరుగు టపాలో వచ్చింది. ఆ తరువాత ఏటా ఫిజికల్ వెరిఫికేషన్‌లో ఆ సి.డి.ని బీరువాలోంచి తీసి, "1 నంబరు, బాగున్నది" అని రాసి, మళ్ళీ బీరువాలో పెట్టేవారు. పిల్లలేమో బజార్లో దొరికే దొంగ కాపీలు వేసుకుని, వాటితోపాటు వైరస్‌లు కూడా తెచ్చుకునేవారు.

ఇప్పుడు మన కాలేజీలో వాడేది ఆక్టేవ్. సంగీతంలో స్థాయి అనుకున్నాను గాని, అది ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అనే కెమికల్ ఇంజనీరింగు ఆచార్యుడి పేరట. ఎంతటి లెక్కకైనా చేతికందిన కాగితం ముక్క మీద ఉజ్జాయింపు జవాబు తేల్చేవాడని ఆయనకు పేరు. ఆయన శిష్యుడు జాన్ ఈటన్ 1992లో దీన్ని రాయడం మొదలుపెట్టాడు. 1994లో 1.0 వెర్షన్ వచ్చింది. అక్కడా అదే కథ. విద్యార్థులు సబ్జెక్టు నేర్చుకోవడం మాని, ఫోర్ట్రాన్ ప్రోగ్రాము ఎందుకు చెడిందో వెదుకుతూ కాలం గడుపుతున్నారనే బాధతోనే ఈ పనికి పూనుకున్నారు.

ఆక్టేవ్ పూర్తిగా ఉచితం. ఇండెంటు, కొటేషన్లు, ఆడిట్ అభ్యంతరం ఏవీ లేవు. అయితే మన ఆఫీసు కంటితో చూడండి. బిల్లు లేనిది రిజిస్టరుకెక్కదు. రిజిస్టరులో లేనిదానికి ఇన్‌చార్జి ఉండడు. డబ్బిచ్చి కొంటే కంపెనీవాడు కనీసం ఒకరోజు వచ్చి చూపిస్తాడు. ఉచితంగా వచ్చినదాన్ని చూపించేదెవరు? లెక్చరర్లలో సగం మంది గెస్టు పద్ధతిలో గంట లెక్కన పనిచేసేవాళ్ళు. ఈ కాలేజీలో పాఠం అయ్యీ కాకముందే ఇంకో కాలేజీకి బస్సెక్కాలి. వాళ్ళను తప్పుపట్టలేం.

నా పని ఇక్కడే. పిల్లలు ఆగిపోయిన ప్రతిచోటా ఏం జరిగిందో ఒక రూళ్ళ నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తాను. ఎక్కువమంది ఆగేది లెక్క దగ్గర కాదు, తెర మీద వచ్చే ఇంగ్లీషు వాక్యం దగ్గర. మూడేసి అంకెలున్న రెండు అడ్డువరుసలను హెచ్చించమంటే "నాన్‌కన్ఫార్మెంట్ ఆర్గ్యుమెంట్స్" అంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడికి అది తిట్టులా వినిపిస్తుంది. వాడికి కావలసింది ఏ అంకెను దాని ఎదుటి అంకెతో హెచ్చించడం. నక్షత్రం గుర్తుకు ముందు ఒక చుక్క పెడితే సరి. ఆ మాట చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పేవాడు లేకపోతే ఆ రోజు ప్రాక్టికల్ పోయినట్టే.

ఒకసారి ఒక కుర్ర లెక్చరరు విసుగ్గా వచ్చాడు. "సార్, 0.1కి 0.2 కలిపితే 0.3కి సమానం కాదంటోంది. ఉచితంగా వచ్చింది కదా, లెక్కలోనే తప్పు" అన్నాడు. ఈ సభలోనే ఉన్న మన రిటైర్డు లెక్కల మేష్టారిని పిలుచుకెళ్ళాను. ఆయన బోర్డు మీద ఒకటిని మూడుతో భాగించారు. 0.333 దగ్గర ఆగి, దాన్ని మూడుసార్లు కలిపితే 0.999 వచ్చింది. "మనకు మూడో వంతు ఎలాగో, రెండు అంకెలతోనే లెక్కపెట్టే యంత్రానికి పదో వంతు అలాగ. ఎక్కడో ఒకచోట తెంపక తప్పదు. లక్షలు పోసి కొన్నదైనా ఇదే జవాబిస్తుంది. సమానమా అని అడగకండి, తేడా అతి స్వల్పమేనా అని అడగండి" అన్నారు. ఆయన ఆ రోజు రాకపోతే ల్యాబు మొత్తంలోంచి ఆక్టేవ్‌ను తీసేసేవారు.

నిరుడు ఎం.ఎస్సీ. అమ్మాయి ఒకతె ఏడుపు ముఖంతో వచ్చింది. ఇనుప కడ్డీ ఒక కొసను నూరు డిగ్రీల దగ్గర ఉంచితే వేడి రెండో కొసకు ఎలా పాకుతుందన్నది ఆమె ప్రాజెక్టు. కడ్డీని ముక్కలుగా, కాలాన్ని చిన్న అంగలుగా విడగొట్టి లెక్క కట్టాలి. ఒక ముక్కలో కోట్ల డిగ్రీలు, పక్కముక్కలో మైనస్ కోట్లు వస్తున్నాయి. సమర్పించడానికి పది రోజులుంది. పట్నంలో ప్రాజెక్టులు రాసి బైండు చేసిచ్చే షాపువాళ్ళు ఆరు వేలడిగారట. తండ్రి తాపీపని చేస్తాడు. అప్పు తెస్తానన్నాడట. "పుస్తకం వస్తుంది తాతగారూ, వైవాలో అడిగితే ఏం చెప్పను?" అంది.

మేష్టారు ఆమె రాసినదంతా ఓపికగా చూశారు. ప్రోగ్రాములో తప్పు లేదు. వేడి పాకే గుణకాన్ని కాలపు అంగతో హెచ్చించి, ముక్క పొడవు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఈ పద్ధతిలో అరకు మించకూడదు. మొదట ఆమెకది 0.2 ఉండేది, జవాబులు సరిగ్గానే వచ్చేవి. ఇంకా కచ్చితంగా రావాలని ముక్క పొడవు సగం చేసింది, కాలపు అంగను ముట్టుకోలేదు. దాంతో 0.8 అయింది. అంగను నాలుగో వంతుకు తగ్గించగానే గ్రాఫు బుద్ధిగా వంగింది. ఆ అమ్మాయి ప్రాజెక్టులో మంచి గ్రాఫుతోపాటు చెడిన గ్రాఫు కూడా పెట్టి, ఎందుకు చెడిందో రెండు పేజీలు రాసింది. షాపువాడు అది రాయలేడు.

బొంబాయి ఐ.ఐ.టి. వాళ్ళు ఈ దారిలో మంచి పని చేశారు. ఫ్రాన్సులో పుట్టిన సైలాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో, ప్రామాణిక పాఠ్యపుస్తకాల్లోని సాధించిన లెక్కలను విద్యార్థుల చేతనే రాయించి, పారితోషికమిచ్చి, అందరికీ అందుబాటులో పెట్టారు. స్పోకెన్ ట్యుటోరియల్ పేరుతో చిన్న చిన్న వీడియో పాఠాలూ చేశారు. తెర మీద ఇంగ్లీషే ఉంటుంది, చాలా పాఠాలకు మాట తెలుగులో కూడా ఉంది. నేను ఓనమాలు దిద్దుకున్నది అలాంటి పాఠాలతోనే. అయితే ఆ పాఠానికి మన తెర కనిపించదు. 0.8 అని అది చెప్పలేదు.

మన సంఘంలో లెక్కలు, ఫిజిక్సు చెప్పి రిటైరైనవారు పదిమందికి తక్కువ లేరు. కంప్యూటరు రాదని మొహమాటపడకండి. మీటలు నొక్కే సంగతి నేను చూసుకుంటాను. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో మన వేళ్ళు మెషీను మీద పెట్టించి ఓర్పుగా పని చేసిపెట్టింది ఆ కాలేజీ పిల్లలే. టైపు బాగా వచ్చిన పాత స్టెనోగ్రాఫర్లు కూడా ఇద్దరు కావాలి. నా నోటుపుస్తకాలు మూడు నిండాయి. తెర మీద వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకవైపు, దాని తెలుగు అర్థమూ చేయవలసిన పనీ ఇంకోవైపు వేసి పుస్తకంగా కట్టి ల్యాబులో పెడదాం.

మంగళవారం, శుక్రవారం, రెండు నుంచి నాలుగున్నర దాకా. ల్యాబు మేడ మీద ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి కింది గదిలో ఒక కంప్యూటరు పెట్టిస్తామని ప్రిన్సిపాల్‌గారు మాటిచ్చారు. పేర్లు ఇవాళ భోజనాల లోపల కార్యదర్శిగారికి ఇవ్వండి. సెలవు.