నాన్న జావా, నా ఎడమ చెయ్యి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్కూలు జ్ఞాపకాలు చెప్పమన్నారు. నేను ఒక బండి గురించి చెబుతాను. నా బ్యాచ్ వాళ్లకి అది తెలిసిన బండే. వాన పడితే నాన్న నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గేటు దగ్గర దింపేవారు. అది పటపటమంటూ వస్తే ప్రేయర్లో సగం తలలు ఇటు తిరిగేవి.

నాన్న పోర్టులో పనిచేసేవారు. 1972లో జావా 250 కొన్నారు. జావా చెకోస్లొవేకియా బండి. యానెచెక్, వాండరర్ అన్న రెండు పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. మైసూరులో 1961 నుంచి తయారయ్యేది. తరవాత యెజ్డీ అయ్యింది, 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నాన్న 1999లో బండి ఆపేసి పెరట్లో రేకుల షెడ్డులో పెట్టారు. 2011లో ఆయన పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయాయి. బండి మూడు రోజులు వానలో నానింది. నేను దాని మీద ఒక టార్పాలిన్ కప్పి మర్చిపోయాను. ఇంజనీరునని చెప్పుకునేవాణ్ణి చెయ్యాల్సిన పని కాదది.

2017లో పనిలో జరిగిన ప్రమాదంలో నా ఎడమ చేతి మూడు వేళ్లకు పట్టు పోయింది. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. క్లచ్ నొక్కలేను. ఉన్న మోటార్ సైకిల్ అమ్మేశాను. గేర్లు లేని స్కూటర్ కొనుక్కోమని అందరూ అన్నారు, కొన్నాను కూడా. కానీ ఇరవై ఏళ్ల నుంచి బండి నడిపినవాడికి అది ఆసుపత్రి వాళ్లు పెట్టే పథ్యం కూడులా ఉంటుంది.

ఒకరోజు టార్పాలిన్ తీసినప్పుడు నాన్న చెప్పిన మాట గుర్తొచ్చింది. "దీనికి క్లచ్ చేత్తో పట్టక్కర్లేదురా, కాలితోనే అయిపోతుంది" అనేవారు. నిజమే. జావాలో గేర్ లివర్ తొక్కగానే లోపలున్న కామ్ క్లచ్‌ని కూడా విడదీస్తుంది. లివర్ తొక్కిపట్టి మెల్లగా వదిలితే బండి కదులుతుంది. అప్పటికి ఆరేళ్లుగా నేను కదిలించలేననుకున్న బండి, నాకు పనికొచ్చే బండే.

గాజువాకలో ఒక పాత మెకానిక్ దగ్గరికి ఆటో ట్రాలీలో తీసుకెళ్లాను. "ఏటి బాబూ, ఇన్నాళ్లూ ఇనపసామానోడికి ఎయ్యకుండా ఎలాగ దాసినారు?" అన్నాడు. పిస్టన్ పట్టేసింది. డీజిల్, టూ-టి ఆయిల్ కలిపి ప్లగ్ రంధ్రంలో పోసి పది రోజులు వదిలేస్తే, పదకొండో రోజు చిన్నగా కదిలింది. క్లచ్ ప్లేట్ల మీది కార్క్ ఒకదానికొకటి అతుక్కుపోయింది. క్రాంక్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు ఎండి పగిలాయి. టూ-స్ట్రోక్‌కి అవి పోతే గాలి ఎక్కువ లాగి ఇంజను వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది, అందుకని అక్కడ పైసా ఆదా చెయ్యలేదు. ట్యాంకు తుప్పుకి నిమ్మఉప్పు నీళ్లు, గుప్పెడు బోల్టులు వేసి ఊపాం. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది, మన సముద్రపు గాలిలో తేమని పట్టుకుంటుంది. కాబట్టి పైపులన్నీ మార్చి, వారం దాటి ఆపితే కార్బురేటర్ ఖాళీ చేస్తున్నాను.

6 వోల్టుల దీపం మాత్రం ఉంచలేదు, 12కి మార్చాను. 35 వాట్ల బల్బుకి 6 వోల్టుల్లో దాదాపు ఆరు ఆంపియర్లు కావాలి, 12లో మూడు చాలు. ఫిజిక్స్ సార్, మీరు తొమ్మిదో తరగతిలో ఈ లెక్కకే నన్ను బెంచీ ఎక్కించారు.

ఇక్కడే మిత్రులతో గొడవ వచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. 'వి ఏ' అక్షరాలున్న నంబరు, ఫీజు 20,000 రూపాయలు. కానీ ఇంజను, చాసిస్, బాడీ మార్చకూడదు, రోజువారీ పనులకి తిప్పకూడదు. "ఒరిజినల్‌గా ఉంచరా, విలువ పెరుగుతుంది" అన్నారు. నాకు కావలసింది విలువ కాదు, సవారీ.

అయితే సవారీ అనుకున్నంత సులువు కాలేదు. మొదటి వారమే ఇంటి దగ్గర ఎత్తులో ఆగితే ఎడమ కాలు గేర్ లివర్ మీద, కుడి కాలు బ్రేకు మీద ఉండిపోయాయి. బండిని నిలబెట్టేదెవరు? మెల్లగా పక్కకి ఒరిగిపోయాం, నేనూ, జావా. నా భార్య అది చూసింది. వారం రోజులు తాళం ఆవిడ దగ్గరే ఉంది.

అప్పుడు ఆస్ట్రేలియా రేసర్ మిక్ డూహన్ గుర్తొచ్చాడు. 1992లో అసెన్‌లో కుడి కాలు చితికాక, ఎడమ చేతి బొటనవేలితో నొక్కే వెనక బ్రేకు పెట్టించుకుని 1994 నుంచి వరసగా ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నాకు బొటనవేలు ఉంది కదా! వెనక బ్రేకుకి ఒక కేబుల్ కలిపి, ఎడమ హ్యాండిల్ మీద చిన్న లివర్ బిగించాం. కుడి కాలు ఇప్పుడు నేల మీద ఆనుతుంది. హారన్, డిప్పర్ స్విచ్‌లు కుడి వైపు మార్చాం. అన్నీ క్లాంపులతోనే, ఫ్రేముకి ఒక్క కన్నం కూడా పెట్టలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పులు నమోదు చేయించి, లైసెన్సు కూడా దానికి తగ్గట్టు మార్పించుకున్నాను. దీనికి బండి బాగు చెయ్యడం కన్నా ఎక్కువ రోజులు పట్టింది.

ఇంకా సింహాచలం కొండ ఎక్కించలేదు. భీమిలి వరకు వెళ్లి వచ్చాను, వెనక నా భార్య కూర్చుంది. తాళం తిరిగిచ్చింది కాబట్టే చెబుతున్నాను.

బండి బయట వేపచెట్టు కింద ఉంది. కిక్ కొట్టాలనుకునే వాళ్లు గేర్ లివర్‌ని లోపలికి నొక్కి, పైకి తిప్పండి. అదే కిక్ రాడ్. మొదటి కిక్‌కి స్టార్ట్ కాదు, రెండోదానికి అవుతుంది. పొగ వస్తుంది, తెల్ల చొక్కాల వాళ్లు కాస్త దూరంగా నిలబడండి.