తొమ్మిదిన్నర చుట్ల దారం

పట్టాలు చేతికొచ్చిన డిజైనర్లకు అభినందనలు. వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు, నాయనమ్మలకు నమస్కారం. నేను చెప్పబోయేది ఎక్కువగా మీ గురించే.

నేను మొట్టమొదట చేసిన అంతరిక్ష ప్రదర్శనలో ఒక ఎర్ర మీట పెట్టాను. నొక్కితే తెరమీద పదినుంచి లెక్క మొదలై రాకెట్ లేస్తుంది. పిల్లలు టపటపా నొక్కేవారు. లెక్క ఏడుకు వచ్చేసరికి పక్క బల్ల దగ్గరుండేవారు. నా రాకెట్ ఎవరూ చూడకుండానే ఎగిరేది. పెద్దవాళ్లు గోడకానుకుని ఫోన్లు చూసుకునేవారు. తప్పు నాదే. పిల్లల వేలికి తప్ప బుర్రకు పని పెట్టలేదు, పెద్దలకైతే ఏ పనీ పెట్టలేదు.

ఇలాంటి లెక్కనే ఇంకోలా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలో కెనెడీ అంతరిక్ష కేంద్రం సందర్శకుల ప్రాంగణంలో అట్లాంటిస్ షటిల్‌ను సరిగ్గా 43.21 డిగ్రీలు ఒరిగించి నిలబెట్టారు. నాలుగు, మూడు, రెండు, ఒకటి! చమత్కారమే అనుకోండి, కానీ ఆ ఒరుగు వల్లే అది కక్ష్యలో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. డిజైనర్లూ, అలాంటిదానికి కావలసినంత డబ్బు మీకెవరూ ఇవ్వరు. రెండు బంతులకైతే ఇస్తారు.

మేం రెండోసారి పెట్టినవి అవే. బాస్కెట్‌బాల్ భూమి, టెన్నిస్ బంతి చంద్రుడు. 'చంద్రుణ్ణి ఎంత దూరంలో పెడతారు?' అని మాత్రమే రాశాం. జానెడు అన్నవాళ్లున్నారు, మూరెడు అన్నవాళ్లున్నారు. పుస్తకాల్లోని బొమ్మల పుణ్యం! అసలు దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే దాదాపు 30 భూములు వరసగా పేర్చినంత. అది రాయకుండా పెద్ద బంతికి ఆ దూరానికి సరిపడా తొమ్మిదిన్నర చుట్లు దారం చుట్టి, కొసకు చిన్న బంతి కట్టాం. దారం విప్పడానికి ఇద్దరు కావాలి. ఒకరు భూమిని పట్టుకుని తిప్పాలి, ఇంకొకరు చంద్రుణ్ణి తీసుకుని నడవాలి. భూమి పట్టుకునేవాళ్లకు ఒక కుర్చీ వేశాం. మొత్తం ప్రదర్శనలో బాగా పనికొచ్చింది ఆ కుర్చీయే.

ఒకరోజు ఆ కుర్చీలో ఒక నాయనమ్మ కూర్చుంది. మనవడు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"ఇంకా ఉందా నాయనమ్మా?"

"ఉందిరా నాన్నా, ఇంకా వెళ్లు."

దారం ఏడు మీటర్లు దాటుతుంది, మా గది ఆరే. వాడు గుమ్మం దాటి వరండాలోకి వెళ్లి, "ఇంత దూరమా!" అని అక్కణ్ణుంచి కేకేశాడు.

ఆ తలుపు ఇక మూయొద్దని వాచ్‌మన్‌కు చెప్పాం.