బజారుకు కాపలా ఎవరు?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సుల్తాన్ బజార్‌లో దుకాణమో కాపురమో ఉన్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుచేత ఉపన్యాసం జోలికి పోకుండా ఇరుగుపొరుగు మాటగానే నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను. దొంగతనాలు, అల్లర్లు, ప్రమాదాలు జరక్కుండా వీధివాళ్ళు తమంతట తాము ఏం చేయగలరు అన్నది విషయం.

1933 దాకా మన బజారు నిజాం పాలనలో లేదు. కోఠీ రెసిడెన్సీని ఆనుకొని పెరిగిన బజార్లు గనుక ఇక్కడ బ్రిటిషు రెసిడెంటు అధికారం నడిచేది. చుట్టూ ఉన్న నగరంలో మాత్రం కొత్వాలు హుకుం. 1920 నుంచి 1934 వరకు ఆ కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు. ముసల్మాను ప్రభువు కొలువులో హిందువు కొత్వాలు. మన శహరు రివాజు అది. హుకుములు మారాయి గాని, రాత్రి షట్టరు దించి తాళం రెండుసార్లు లాగి చూసుకొని ఇంటికి పోయే మనిషి భయం మారలేదు.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. గోకుల్ చాట్ దగ్గరా, లుంబినీ పార్కులోనూ కొద్ది నిమిషాల తేడాతో బాంబులు పేలాయి. రెండు చోట్లా కలిపి 42 మంది పోయారు. అంతకు మూడు నెలల ముందు, మే 18న, మక్కా మసీదులో జుమా నమాజు వేళ పేలుడు. చచ్చినవాళ్ళు అక్కడా ఇక్కడా బజారుకో నమాజుకో వచ్చిన మామూలు మనుషులే. ఆ ఏడు మన యువకులను అనేకమందిని పట్టుకుపోయారు. వారిలో పలువురు తరువాత కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. గోకుల్ చాట్ కేసులో దోషులకు శిక్ష పడేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది.

అందుకని మన ఇళ్ళల్లో తల్లులకు భయం రెండు రకాలు. కొడుకు ఏ ప్రమాదంలో చిక్కుకుంటాడో అని ఒకటి, ఏ అనుమానంలో చిక్కుకుంటాడో అని రెండోది. రెండింటికీ మందు చెప్పని భద్రత మాట నేను ఒప్పుకోను.

2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగిన ఏడే రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం తెచ్చారు. ఒకేసారి 100 మందికి పైగా చేరే చోట యజమానులే కెమెరాలు పెట్టించాలి, 30 రోజుల చిత్రాలు దాచాలి. తరువాత ‘నేను సైతం’ అని పోలీసులు కాలనీలవాళ్ళ చేత, దుకాణదారుల చేత చందాలు వేయించి కెమెరాలు పెట్టించారు. మంచిదే. దొంగను పట్టడానికి పనికొచ్చాయి కూడా. కాని పెట్టిన రోజు అందరం ఫోటో దిగుతాం. ఏడాది తిరిగేసరికి ఒకదానికి బూజు, ఒకదాని ముందు ఫ్లెక్సీ! మరమ్మతు చందాకు మాత్రం ఎవరూ దొరకరు. పైగా కెమెరా జరిగింది చూపిస్తుంది గాని చెయ్యి పట్టుకొని ఆపదు. ఆ చిత్రాలు ఎవరి చేతిలో ఉంటాయో కూడా అడగాలి. 2021లో దారిలో తనను ఆపి ఫోటో తీశారని మన నగరవాసి ఎస్.క్యూ. మసూద్ గారు, ముఖాలు గుర్తుపట్టే యంత్రాలపై హైకోర్టుకు వెళ్ళారు. 2022లో ప్రభుత్వానికి నోటీసు వెళ్ళింది. కెమెరా వద్దని నేననను. లెక్కాజమా ఉండాలంటాను.

జేబుదొంగను ముందుగా పసిగట్టేది ఎవరండీ? పొద్దుటినుంచి ఫుట్‌పాత్ మీద గాజులూ దుపట్టాలూ అమ్మే మనిషి. రోజూ వచ్చేదెవరో, కొనకుండా గుంపులో రాసుకుంటూ తిరిగేదెవరో అతనికి తెలుసు. మనం మాత్రం కమిటీ అనగానే షట్టరున్నవాళ్ళను పిలుస్తాం, బండివాడిని పిలవం. ట్రాఫిక్కుకు అడ్డమని కసురుతాం కూడా. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీలో కనీసం 40 శాతం చోటు వాళ్ళకిచ్చింది. మన గల్లీ కమిటీలో ఒక్క కుర్చీ వేయలేమా?

ఆడవాళ్ళ సంగతీ అంతే. రెసిడెన్సీ భవనంలో 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ ఉంది, ఇప్పుడది విశ్వవిద్యాలయం. 2014 అక్టోబరులో షీ టీములు వచ్చాక ఫిర్యాదు చేసే దారి సులువైంది. అయినా ఏ మూల దీపం వెలగదో, ఏ బస్‌స్టాప్ దగ్గర ఎవరు నిలబడతారో చెప్పగలిగింది ఆ పిల్లలే. భద్రత మీటింగులో చూస్తే అందరం మీసాలవాళ్ళమే!

ఇక అన్నిటికంటె ముఖ్యం. కమిటీవాళ్ళు ఎవరి మీదా చెయ్యి చేసుకోరాదు, జేబులు వెదకరాదు, పేరు అడిగి మతం తేల్చరాదు. గడ్డం, టోపీ, బురఖా ఆనవాళ్ళు కావు, బొట్టూ కాదు. ఏం జరిగింది, ఎక్కడ, ఏ వేళకు, ఏ వైపు పోయాడు — పోలీసుకు చెప్పవలసింది ఇంతే. దిక్కులేని సంచి కనబడితే ముట్టుకోకుండా జనాన్ని దూరం జరిపి 112కు ఫోన్ చేయాలి. పట్టుబడ్డవాడు మన గల్లీ పిల్లవాడే అయితే, ఒక పెద్దమనిషీ ఒక వకీలూ ఆ రాత్రే స్టేషనుకు వెళ్ళాలి. తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. ఇంట్లోవాళ్ళకు కబురు లేకుండా మాత్రం పిల్లవాడు ఉండకూడదు.

చిన్న సంగతి ఒకటి. పండుగ రద్దీలో పోయేవి ఎక్కువగా ఫోన్లు. పెట్టె మీద 15 అంకెల నంబరు ఉంటుంది, ఇవాళే ఇంట్లో రాసి పెట్టుకోండి. పోతే ఫిర్యాదు ఇచ్చి, సీఈఐఆర్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ఆ నంబరు ఎక్కిస్తే ఫోన్ ఎవరికీ పనిచేయదు. ఫోన్లో మాయమాటలు చెప్పి డబ్బు లాగితే 1930కి ఆలస్యం చేయకుండా చెప్పాలి.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. మీ గల్లీ పేరు, అక్కడ వెలగని దీపాలు ఎన్ని, మీకు తెలిసిన బండివాళ్ళలో కమిటీకి రాగలిగినవారెవరు — ఈ మూడూ రాసి వెళ్ళండి. ఆడవాళ్ళు ముందు రాయండి. సెలవు.