పందెపు కార్ల కరివర్ధన్

మిర్యాలగూడ నుండి వాడపల్లి వైపు సాగే రహదారి మీద దామరచర్ల ఉన్నది. నార్కట్‌పల్లిని అద్దంకితో కలిపే బాట అది. ఇంకా కొంతదూరం పోతే మూసీనది కృష్ణలో కలిసే చోటు వస్తుంది. రేయింబవళ్లు లారీలు, కార్లు ఆ దారిన పోతూనే ఉంటవి. రోడ్డు ప్రక్కన మెకానిక్కు షెడ్డులో పనిచేసే కుర్రవాడొకడు ఒకనాడు నన్ను అడిగినాడు: “సారూ, టీవీల చూపెట్టే కార్ల పందేలల్ల మన తెలుగోళ్లు ఎవరన్న ఉన్నరా?”

అప్పుడు సరియైన జవాబు చెప్పలేకపోయినాను. ఈ ప్రసంగం ఆ కుర్రవానికి నేను పడిన బాకీ అని శ్రోతలు భావించవచ్చును.

ఇంగ్లండు, అమెరికా దేశాలలోనైతే ఇటువంటి ప్రశ్నకు జవాబు సులభం. అక్కడి చిన్న పట్టణాలలో కార్లు అమ్ముకొనే ఏజెంట్లు పలువురు సెలవునాడు తామే పందెంలోకి దిగేవారు. ఆదివారం గెలిచిన కారును సోమవారంనాడు నలుగురూ వచ్చి బేరమాడతారని వారి ఆశ. మన దేశంలో ఆ రకం మనిషి అరుదు. కారణం మనుష్యులలో లేదు, సరకులో ఉన్నది. చాలాకాలం మనకు అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు అనే మూడు పేర్లు తప్ప నాలుగవ పేరు వినబడేది కాదు. సొమ్ము ముందుగా కట్టి, ఏండ్ల తరబడి వంతుకోసం కనిపెట్టుకొని ఉండవలసి వచ్చేది. కొనేవారు వరుసలో నిలుచుండగా ఏజెంటుకు పందెం గెలిచి చూపవలసిన అగత్యమేమున్నది? అందుచేత మన నేలమీద కార్ల పందెం కలిగినవారి ముచ్చటగానే మిగిలినది.

అటువంటి కలిగిన ఇంట పుట్టినవాడే సుందరం కరివర్ధన్. ఊరు కోయంబత్తూరు. లక్ష్మీ మిల్లుల కుటుంబం. కొన్ని శతాబ్దాల క్రిందట తెలుగునాటి నుండి వెళ్లి కొంగునాట స్థిరపడి, నేటికీ ఇండ్లలో తెలుగు మాటాడుకొనే నాయుళ్ల శాఖకు చెందినది ఆ వంశం. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి మోటారు సర్వీసులకు పేరుగాంచిన జి.డి. నాయుడుగారిదీ ఆ శాఖయే. యంత్రమంటే ప్రాణం పెట్టడం ఆ ఊరి గాలిలోనే ఉన్నదేమో!

కరివర్ధన్ 1954లో జన్మించినాడు. ఆయన పందేలలో దిగిన రోజులలో దక్షిణదేశపు పందెగాండ్రకు యాత్రాస్థలం షోళవరం. మద్రాసు నుండి మన నెల్లూరు వైపు వచ్చే దారిలో, రెండవ ప్రపంచయుద్ధకాలంలో వేసిన విమానాల బాట అది. యుద్ధం ముగిసినది, విమానాలు పోయినవి, కార్లు, మోటారు సైకిళ్లు వచ్చినవి. సొంత కర్చు, సొంత కారు, సొంత ప్రాణం: ఔత్సాహికుని పెట్టుబడి అంతే. స్తోమత గలవారు విదేశాల నుండి పందెపు కార్లు దిగుమతి చేసుకొనేవారు. తక్కినవారు పాత ఫియట్టు ఇంజనునో, హెరాల్డు ఇంజనునో విప్పి తమకు తోచిన చట్రంలో బిగించుకొనేవారు. ఒకరి కారుకు మరొకరి కారుకు పోలిక ఉండదు. గెలిచినది మనిషియా, డబ్బా అన్నది తేలేది కాదు.

కరివర్ధన్ గెలిచిన పందేలకంటె, ఈ చిక్కుకు ఆయన కనిపెట్టిన విరుగుడే నాకు ఘనంగా తోచుచున్నది. 1983 చివర మారుతి 800 కారు బజారులోకి వచ్చినది. మూడు సిలిండర్ల చిన్న ఇంజను, 796 సి.సి. ఆ కారులో ఇంజను, గేరుపెట్టె జంటగా ముందుభాగాన అడ్డముగా కూర్చుని ముందు చక్రాలను త్రిప్పుతవి. 1988లో కరివర్ధన్ ఆ జంటను అట్లే ఎత్తి డ్రైవరు వీపు వెనుక పెట్టించినాడు. ముందు చక్రాలను త్రిప్పిన శక్తి ఇప్పుడు వెనుక చక్రాలకు పోయినది. ఒక్కరే కూర్చునే తేలికైన ఒడలు. దాని పేరు ఫార్ములా మారుతి.

ఇందులోని తెలివి ఇంజనీర్లకే కాదు, గృహస్థులకూ అర్థమవుతుంది. విడిభాగాలు పరదేశం నుండి రానక్కరలేదు; మిర్యాలగూడవంటి ఊరిలోనూ దొరుకుతవి. పైగా అందరిదీ ఒకే ఇంజను కావడంచేత మలుపు దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది చేతివాటమే నిర్ణయించును. ఈ క్రీడ బీదవానికి అందివచ్చినదని నేననను. అంత మాట అబద్ధం. మిల్లు యజమానికి మాత్రమే తెరుచుకొనే తలుపు మరికొందరికి ఓరగా తెరుచుకొన్నది.

ఆ తలుపున లోనికి వచ్చినవారిలో కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ ఒకడు. ఫార్ములా మారుతితో పందేలకు మొదలిడి, 2005లో జోర్డాన్ జట్టు పక్షాన ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడైనాడు. ఆ యేడు అమెరికా పందెంలో నాలుగవ స్థానం వచ్చినది. టైర్ల తగాదాలో పద్నాలుగు కార్లు విరమించుకోగా ఆనాడు పరుగెత్తినవి ఆరే. కనుక ఆ అంకెను మరీ ఆకాశానికెత్తనక్కరలేదు. కాని ఆ బాటమీద చక్రం మోపడమే ఎంత దూరపు ప్రయాణమో షోళవరం ఎరిగినవారికి తెలియును.

ఇదంతా కరివర్ధన్ చూడలేదు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో కన్నుమూసినాడు. నేలమీద అంత వేగంతో చెలగాటమాడినవానిని ఆకాశం పొట్టన పెట్టుకొన్నది. 2003లో కోయంబత్తూరు సమీపాన చెట్టిపాళయంలో ఏర్పడిన రెండు కిలోమీటర్లకు పైబడిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు.

మన ప్రాంతపు సంగతి అంటారా? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం ఒక్కమారు జరిగినది. మరుసటి యేడు జరుగవలసినది రద్దయినది. వేగం ముచ్చట గల మన కుర్రవాండ్రకు మిగిలినది రహదారియే. ఆ ముచ్చట ఎక్కడ తీరుతున్నదో, ఎట్లా ముగుస్తున్నదో ఆ దారిన ప్రయాణించేవారికి నేను చెప్పనక్కరలేదు.

మొన్న మళ్లీ దామరచర్ల షెడ్డుకు వెళ్లి ఈ కథ అంతా ఆ కుర్రవానికి చెప్పినాను. అప్పుడతని ముందర పాత మారుతి 800 ఒకటి, మూత తెరిచి, ఉన్నది. షోళవరం, అమెరికా, నాలుగవ స్థానం, ఏదీ అతని చెవికి ఎక్కినట్లు లేదు. ఇంజను వంక కొంతసేపు చూసి, చేతి జిడ్డు గుడ్డకు తుడుచుకొని అడిగినాడు:

“ఇంజను ఎన్కకు పెడితే గేరు రాడ్డు ఎట్ల మలిపిన్రు సారూ?”