కోసిన కాయకును ఊపిరి కలదు

  

మన ఆలంకారికులు కవిత్వమునకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని పండ్ల పేరులే పెట్టిరి. పాకము తప్పిన కావ్యమును ప్రక్కన పెట్టవచ్చును. పాకము తప్పిన మామిడికాపు రైతును అప్పులపాలు చేయును.

నా తప్పునే చెప్పెదను. ఒక ఏడు బేరగాడు తొందరించుటచే మా బంగినపల్లి కాయలను కొమ్మలు దులిపించి రాల్పించితిని. ఎండలో వట్టినేలపై కుప్ప పోయించితిని. సొన కారిన చారలు నల్లబడినవి. వారము తిరుగకముందే ముచ్చికల వద్ద కుళ్ళు పుట్టినది. సగము గంపలు దిబ్బపాలైనవి. ఆ ఏటి పద్దు నేటికిని నా పుస్తకములో నున్నది.

ఆ పిమ్మట ఈ గ్రంథాలయపు బల్ల వద్దనే కారణము తెలిసికొంటిని. కోసిన కాయ కూడ ఊపిరి తీయుచునే యుండును. వేడిమి హెచ్చినకొలది ఆ ఊపిరి వేగమగును, ఆయువు తరుగును. కావున కోసిన వెంటనే నీడకు చేర్చవలెను.

ముదిరిన కాయకు భుజములు లేచి ముచ్చిక పల్లమగును; నీట వేసిన మునుగును. దానిని చిక్కముతో, తొడిమతో కోయవలెను. పిదప తొడిమను కురుచగా త్రుంచి, మట్టి యంటకుండ తలక్రిందుగా కొన్ని గంటలు నిలిపిన సొన తొక్కకు సోకక కారిపోవును. 52 డిగ్రీల వేడినీట 5 మొదలు 10 నిమిషములు ముంచిన పక్షికన్ను తెగులు వలని మచ్చలు, కుళ్ళు తగ్గును.

పెద్దలు వరిగడ్డిలో మాగవేయుట వట్టి ఆచారము కాదు. కాయ తానే పుట్టించు ఇథిలీన్ వాయువు ఆ గడ్డిలో నిలిచి పండించును. ఆ వాయువునే గదులలో పదిలక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండ వాడుటకు 2016లో అనుమతి వచ్చినది. కార్బైడు నిషిద్ధము, అందు ఆర్సెనిక్, భాస్వరముల విషపు జాడలుండును. అది తొక్కకు రంగు తెచ్చునే గాని లోపలికి రుచి తేజాలదు. శీతల గిడ్డంగిలో పచ్చికాయకు 13 డిగ్రీలు చాలును. మరింత చల్లనైనచో తొక్క కమిలి, పిదప సరిగా మాగదు.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు నిలుపుట మన చేతులలో నున్నది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున కావ్యముల సరసనే వ్యవసాయ గ్రంథములకును ఒక బీరువా నిండవలెనని నా కోరిక. నావంటి పద్దు మీలో మరియొకరు వ్రాసికొనకుందురు గాక!