పిల్లోడి యాస మీద కొట్లాట, ఇంట్లో మూగబోతున్న గోర్ బోలీ



మొన్న ఆస్పరి దగ్గర ఒక తాండాలో మన పిల్లలంతా కూర్చున్నప్పుడు నేను మాట్లాడిన మాటలు రాసి పెట్టమని కొందరు అడిగారు. రాలేకపోయిన వాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మనం భూమి గురించి మాట్లాడతాం, స్కాలర్‌షిప్పుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతాం. పిల్లల నోట్లో మాట గురించి ఎప్పుడూ మాట్లాడం. అది ఇంటి గొడవ అనుకుంటాం. ఆ ఇంటి గొడవ ఎట్ల ఉంటుందో ముందు చెప్తా.

నాకు అన్న వరసయ్యే ఒకాయన, వదిన గుంటూరు వైపు పనికి పోయి ఐదారేండ్లు అక్కడే ఉన్నారు. మనోళ్ళు మిరపకాయల కోతకు పోయి ఎండాకాలానికి తిరిగొస్తారు గదా, వీళ్ళు మాత్రం అక్కడే నిలబడిపోయినారు. కొడుకు అక్కడే పుట్టి, అక్కడి పిల్లల్తో ఆడి, అక్కడి తెలుగే నేర్చినాడు. పోయినేడు ఇంటిల్లిపాదీ తిరిగొచ్చి వాణ్ణి ఇక్కడి బడిలో వేసినారు. మూడు నెల్లు కాకముందే "ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అనే పిల్లోడు "యాడికి పోతాండావ్ మా" అంటాన్నాడు. మరమరాలు బొరుగులైనాయి. వేరుశనగలు బుడ్డలైనాయి.

వదినకు ఇది నచ్చలేదు. "ఈ మాటల్తో రేపు కాలేజీకి పోతే నవ్వుతారు. నేను పడింది చాలు" అంటుంది. ఆమె కోస్తాలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. ఆమె మాట్లాడిన మాటనే మళ్ళీ మళ్ళీ అనిపించుకుని నవ్వేవాళ్ళంట. అన్నకేమో పిల్లోడి మాట వింటే సంతోషం. "మన నేల మీద మన మాట మాట్లాడితే సిగ్గేంది? మా నాయన ఇట్లనే మాట్లాడినాడు, నేనూ ఇట్లనే మాట్లాడతా" అంటాడు.

మీరైతే ఎవరి పక్క ఉంటారు? ఆ రోజు అడిగితే మగపిల్లలు ఎక్కువమంది అన్న పక్క చేతులెత్తినారు, ఆడపిల్లలు వదిన పక్క. నేను ఇద్దరి మాటా తీసెయ్యను.

అన్న మాటలో నిజం ఉంది. మన యాస చెడిపోయిన తెలుగు కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చినాయి. అందుకే ఈ పక్క తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది, ఆదోని బజార్లో ఉర్దూ కలుస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాలో రైతులు వాడే మాటలు సేకరించి మాండలిక వృత్తి పదకోశం తెచ్చినారు. వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం 1962లో వచ్చింది. అంత పెద్ద పండితుడు రైతు నోట్లో మాటను రాసుకోదగిన మాట అనుకున్నాడు. మరి మన బడి ఎందుకు తప్పు అంటుంది? సినిమాల్లో మన యాస వేటకొడవలి పట్టుకున్నోడి నోట్లోనే ఎందుకు వినపడుతుంది?

వదిన భయంలోనూ నిజం ఉంది. ఇంటర్వ్యూలో నోరు తెరిచిన నిమిషానికే నీది ఏ ఊరో, ఏ కులమో లెక్కేసే వాళ్ళు ఉన్నారు. ఆ చూపు మనలో చాలామందికి తెలుసు. "యాసను చూసి గర్వపడు" అని చెప్పడం సులువు. నవ్వే వాళ్ళ మధ్య ఒక్కతే నిలబడి చదువుకున్న ఆడపిల్లకు ఆ మాట అన్నం పెట్టదు. కొడుక్కి పుస్తకం తెలుగు రావాలని ఆమె కోరుకోవడంలో తప్పు లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. అవ్వ, అంటే అన్న వాళ్ళ యాడీ. ఆమె మనవడితో గోర్ బోలీలోనే మాట్లాడుతుంది. పాణి తెమ్మంటే వాడికి అర్థమవుతుంది, తెస్తాడు. కానీ తిరిగి పలికేది మాత్రం తెలుగే: "ఇదిగో అవ్వా, నీళ్ళు." గుంటూరు తెలుగైనా, ఆస్పరి తెలుగైనా, అవ్వకు జవాబు వచ్చేది తెలుగులోనే. అమ్మా నాయనా ఏ తెలుగు మంచిదని కొట్లాడుకుంటున్నారు. అవ్వ మాట వాడి నోటికి రావడం లేదని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఇట్లాంటి ఇండ్లు మన తాండాల్లో ఎన్ని ఉన్నాయో మీరే లెక్క పెట్టండి. వింటే అర్థమయ్యే, మాట్లాడితే రాని పిల్లలు ఎంతమంది? ఆ పిల్లలు పెద్దయి వాళ్ళకు పిల్లలు పుడితే, వాళ్ళకు అర్థం కూడా కాదు. ఒక భాష పోవడానికి రెండు తరాలు చాలు.

సీమ యాస చచ్చిపోతుందని నాకు భయం లేదు. దానికి ఊర్లున్నాయి, సంతలున్నాయి, బస్టాండ్లున్నాయి. పుస్తకం తెలుగుకు బడి ఉంది, టీవీ ఉంది, ప్రభుత్వం ఉంది. గోర్ బోలీకి ఏముంది? ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. సొంత లిపి లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 32 లక్షల మందికి పైగా తమ మాతృభాష లంబాడీ అని చెప్పుకున్నారు. ఆ లెక్కను తీసుకుపోయి హిందీ కింద కలిపేసినారు. ఆంధ్రలో మనం సుగాలీలం, ఎస్టీలం. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే అదే మనిషి లంబాణి, ఎస్సీ. పేరు మారుతుంది, సర్టిఫికెట్ మారుతుంది. ఇటు తాండాకూ అటు తాండాకూ సంబంధాలు కలుపుతున్నది ఆ ఒక్క మాటే. అది ఇప్పుడు మన వంటింట్లో మాత్రమే మిగిలింది. అక్కడా ఆపేస్తే ఇంకెక్కడా దొరకదు.

"ఇన్ని భాషలు పెడితే పిల్లోడి బుర్ర గందరగోళం అవుతుంది" అంటారు కొందరు. ఆదోని బజార్లో చూడండి. బడికి పోని మనిషి కూడా తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ మాట్లాడి బేరం చేస్తాడు. మన ఇంట్లో "యాడీ" అంటే అమ్మ. బయట "యాడికి" అంటే ఎక్కడికి. ఏడేండ్ల పిల్లోడు ఈ రెండూ ఎప్పుడూ కలిపేసుకోడు. ఎవరితో ఏ మాట వాడాలో పిల్లలకు బాగా తెలుసు. ఏ మాటకు తిట్లు పడతాయో కూడా తెలుసు. తిట్లు పడే మాటను మెల్లగా వదిలేస్తారు.

గిడుగు రామమూర్తి గారి పేరు మీకు తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని చేస్తారు. బడుల్లో దండలు వేసి, వాడుక భాష కోసం పోరాడినాడని చెప్తారు. ఆయన పర్లాకిమిడి దగ్గర సవరల భాష నేర్చుకున్నాడని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే పాఠాలు రాసి బడులు నడిపినాడని ఎంతమంది చెప్తారు? వాడుక తెలుగు బడిలోకి రావాలన్న మనిషే ఆదివాసీ పిల్లల మాట కూడా బడిలోకి రావాలన్నాడు. ఆయనకు ఆ రెండూ ఒకటే పని. ఆగస్టు 29న దండ వేసే ప్రతి బడినీ ఆ రెండో పని ఏమైందని మనం అడగాలి.

అడిగే హక్కు మనకు ఉంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందే ఏర్పాటు చేయాలని అది చెప్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు మొదలుపెట్టినారు. అందులో బంజారా ఒకటి. లిపి లేదు కాబట్టి కుదరదు అనే మాట అప్పుడే తేలిపోయింది, తెలుగు లిపిలోనే రాసినారు. కుదురుతుందని తెలిసింది. ఇక మన బడికి రావడమే మిగిలింది.

ఇంతకీ అన్నకూ వదినకూ నేను ఏం చెప్పినానని అడుగుతారు. మూడు మాటలకూ మూడు చోట్లు ఉన్నాయి, వాటిని పంచుకోండి అని చెప్పినా. ఆట, బజారు సీమ యాసవి. వాటి జోలికి పోవద్దు. పుస్తకం తెలుగు, ఇంగ్లీషు నేర్పడం బడి పని, దానికి జీతాలు ఇస్తున్నారు. ఆ పనిని అమ్మ భుజం మీద వేసుకుని ఇంట్లో పిల్లోడి నోరు దిద్దనక్కర్లేదు. ఇల్లు మాత్రం గోర్ బోలీది. ఆ పని మీరు చెయ్యకపోతే వేరే ఎవ్వరూ చెయ్యరు. వదిన వెంటనే ఒప్పుకోలేదు. "బడిలో నవ్వితే నువ్వొచ్చి ఆపుతావా?" అనింది. న్యాయమైన ప్రశ్న. అందుకే మీ అందరి ముందూ పెడుతున్నా.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్తుంది, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. సంతకం పెట్టి వచ్చే మీటింగ్ కాదది. వదిన లాంటి వాళ్ళు అందులో కూర్చోవాలి, మనం తోడు పోవాలి. అడగాల్సింది చిన్న మాటే: పిల్లోడు తన మాటలో జవాబు చెప్తే ముందు ఆ జవాబు సరిపోయిందా లేదా చూడండి, పుస్తకంలో ఎట్ల రాస్తారో తర్వాత నేర్పండి, నవ్వొద్దు, నవ్వనివ్వొద్దు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

కాలేజీ పిల్లలకు ఒక మాట. హాస్టల్లో కొత్తగా వచ్చిన జూనియర్ మాటను చూసి ముందుగా నవ్వేది చాలాసార్లు మనోళ్ళే. అది ఆపండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని ఆమె మాటలు ఫోన్లో రికార్డు చెయ్యండి: వంట పేర్లు, చుట్టరికాలు, పంటలు, రోగాలు. తెలుగు అక్షరాల్లో రాయండి. తమ్ముడితో చెల్లెలితో ఆ పది రోజులైనా గోర్ బోలీలోనే మాట్లాడండి. రానివాళ్ళు తప్పులు పోతేనే వస్తుంది.

వచ్చే నెల మీ తాండాలో బడి కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజు కనీసం ఇద్దరు పోండి. ఏం అడిగినారో, వాళ్ళేం చెప్పినారో ఇక్కడ రాయండి. మిగతా తాండాల వాళ్ళు చూసి వాళ్ళూ అడుగుతారు.